కాగితం ముందా, చదువు ముందా?

మీ చేతికి ఈ పుస్తకం రావడానికి ముందు మీరు ఒక దరఖాస్తు నింపారు. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, చిరునామా రాశారు. దానికి కొన్ని కాగితాలు జతచేశారు. మీలో కొందరికి అది ఒక పూట పని. మరికొందరు ఆ కాగితాల కోసం సొంత ఊరికి వెళ్లి రావలసి వచ్చి ఉంటుంది. అందువల్ల ఒకటి రెండేళ్లు ఆలస్యమై కూడా ఉంటుంది. కాగితాలు లేవన్న ఒక్క కారణంతోనే బడి మానేసి, ఇన్నాళ్లకు మళ్లీ పుస్తకం తెరిచినవారు కూడా మీలో ఉండవచ్చు. ఈ వ్యాసం ముఖ్యంగా వారిని దృష్టిలో పెట్టుకొని రాసినది. ఇందులో నేను చెప్పేది నా అభిప్రాయం. దానితో మీరు ఏకీభవించి తీరాలని లేదు. చదివేటప్పుడు మాత్రం మీ అనుభవాన్ని కూడా పక్కన పెట్టుకొని చదవండి.

సూరత్ నగరాన్ని ఉదాహరణగా తీసుకుందాం. తాపీ నది ఒడ్డున ఉన్న ఈ నగరం మరమగ్గాలకు, చీరల వ్యాపారానికి, వజ్రాల సానకు పేరుపొందింది. తెలంగాణ చేనేత కుటుంబాలు పొట్ట చేతబట్టుకొని వెళ్లిన ఊళ్లు ప్రధానంగా మూడు: షోలాపూర్, బీవండి, సూరత్. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుండి వచ్చిన పద్మశాలీ కుటుంబాలు సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా వంటి పేటల్లో తరాల తరబడి నివసిస్తున్నాయి. సిరిసిల్లలో సాంచె అని పిలిచే మరమగ్గమే వారికి ఇక్కడా జీవనాధారం. మగవారు మగ్గాల దగ్గర పన్నెండేసి గంటలు నిలబడతారు. ఆడవారు ఇంటి దగ్గర చీరలకు లేసు కుట్టడం, రాళ్లు అంటించడం వంటి పనులు చేస్తారు.

వీరి పిల్లలకు చదువు అందకుండా పోలేదు. ఆ మాట ముందుగా చెప్పాలి. సూరత్ పురపాలక సంస్థకు చెందిన నగర ప్రాథమిక శిక్షణ సమితి గుజరాతీతోపాటు హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషు, తెలుగు మాధ్యమాలలో కూడా బడులు నడుపుతోంది. వలస వచ్చినవారి భాషలో ప్రభుత్వ బడి పెట్టడం మన దేశంలో ఎన్ని నగరాలు చేశాయి? కాబట్టి సూరత్‌ను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కాని ఆ బడులు ఎనిమిదో తరగతి వరకే. ఆ తర్వాత ఉన్నత పాఠశాల, ఆపైన కళాశాల, విశ్వవిద్యాలయం. చదువు పైకి వెళ్లే కొద్దీ కాగితం బరువు పెరుగుతుంది. ఆ బరువు మోయలేక మధ్యలో దిగిపోయేవారి గురించే ఈ వ్యాసం.

కాగితాలు ఎందుకు ఉండవు? వలస కుటుంబాలకు నిర్లక్ష్యమని చాలామంది అనుకుంటారు. కొంచెం దగ్గరగా చూద్దాం. మనలో తొలి కాన్పు పుట్టింట్లో జరగడం ఆచారం. సూరత్‌లో కాపురమున్న అమ్మాయి కాన్పుకు సిరిసిల్ల దగ్గరి పల్లెకు వెళుతుంది. బిడ్డ అక్కడ పుడుతుంది. మూడు నెలలో, అయిదు నెలలో గడిచాక తల్లీబిడ్డలు తిరిగి సూరత్‌కు వస్తారు. మన చట్టం ప్రకారం పుట్టుక ఎక్కడ జరిగితే అక్కడే నమోదు కావాలి. 21 రోజులలోపు అయితే రుసుము లేదు. 30 రోజులు దాటితే పై అధికారి అనుమతి కావాలి. సంవత్సరం దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. బడిలో చేర్చేటప్పుడు గుర్తుకు వస్తే అప్పటికి బిడ్డకు ఆరేళ్లు. అంటే ఆ కాగితం కోసం తండ్రి మగ్గం ఆపి వరంగల్ వైపు రైలెక్కాలి. అక్కడ అయ్యే పని ఒక్క రోజులో కాదు. మగ్గం ఆగితే ఆ రోజు కూలి లేదు. ఇప్పుడు చెప్పండి, అది నిర్లక్ష్యమా?

పేరు సంగతి మరీ చిత్రంగా ఉంటుంది. మన పద్ధతిలో ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. తండ్రి పేరును వేరే గడిలో రాస్తాం. గుజరాత్ పద్ధతిలో ఇంటిపేరు, సొంత పేరు, దాని పక్కనే తండ్రి పేరు వరుసగా వస్తాయి. అంటే తండ్రి పేరు బిడ్డ పేరులో భాగమైపోతుంది. పైగా గౌరవం కోసం మగవారి పేరుకు భాయి, ఆడవారి పేరుకు బెన్ చేర్చడం అక్కడి అలవాటు. అది కాగితాల్లోకి కూడా ఎక్కుతుంది. ఊళ్లో రాజయ్య అయినవాడు రేషన్ కార్డులో రాజన్న, పిల్లల బడి దాఖలాలో రాజుభాయి అవుతాడు. మనిషి ఒక్కడే. కాని దరఖాస్తులు చూసే గుమాస్తాకు ముగ్గురు మనుషులు కనబడతారు. ఇక పుట్టిన తేదీ తెలియని పిల్లలకు బడిలో పంతులుగారు జూన్ 1 అని రాసుకోవడం మన దేశమంతటా ఉన్నదే. ఏ తరగతి హాజరు పట్టీ చూసినా జూన్ నెలలో ఇంతమంది ఎలా పుట్టారా అని ఆశ్చర్యం కలుగుతుంది.

ఉన్న కాగితాలు పోవడం మరొకటి. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో సూరత్ నుండి లక్షలాది మంది చేతికందిన మూటతో రైళ్లెక్కారు. 2006 ఆగస్టులో తాపీ పొంగి నగరంలో అధిక భాగం మునిగింది. మంచం కింద రేకు పెట్టెలో ఉన్న ధ్రువపత్రాలకు వరద నీటిలో ఎంత రక్షణ ఉంటుందో మీరే ఊహించగలరు. 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఎన్నో కుటుంబాలు మళ్లీ ఊరి దారి పట్టాయి. పిల్లలు అక్కడ ఒక ఏడు, ఇక్కడ ఒక ఏడు చదివితే బడి మారినట్టు చూపే కాగితం ఏదో ఒకచోట తెగిపోతుంది.

ఎనిమిదో తరగతి వరకు ఈ ఇబ్బందికి చట్టం ఒక విరుగుడు చూపింది. 2009లో చేసి 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి తెచ్చిన విద్యాహక్కు చట్టంలో రెండు నియమాలు మీరు తెలుసుకోదగినవి. వయసు రుజువు లేదన్న కారణంతో ఏ బిడ్డకూ బడిలో ప్రవేశం నిరాకరించరాదు. పాత బడి నుండి బదిలీ పత్రం రావడం ఆలస్యమైనా, ఆ కారణంతో కొత్త బడిలో చేర్చుకోవడం ఆపరాదు. బదిలీ పత్రాన్ని మన వైపు టి.సి. అంటాం. గుజరాత్‌లో ఎల్.సి. అంటారు. 2018లో ఆధార్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు బడి ప్రవేశానికి ఆధార్ తప్పనిసరి చేయరాదని కూడా చెప్పింది. గమనించండి. ఇక్కడ చట్టం ఒక క్రమాన్ని నిర్ణయించింది. ముందు బిడ్డ తరగతిలో కూర్చోవాలి. కాగితం తర్వాత రావచ్చు.

అయితే ఆ చట్టం 6 నుండి 14 ఏళ్ల వారికే. పదిహేనో ఏట అదే బిడ్డకు ఆ రక్షణ ఉండదు. కాగితం లేకపోవడం పద్నాలుగేళ్ల వరకు క్షమించదగినదై, పదిహేనో ఏట నేరం ఎలా అవుతుంది?

ఒక అమ్మాయిని ఊహించుకుందాం. లింబాయత్‌లో తెలుగు బడిలో చదివింది. ఎనిమిది తర్వాత ఇంట్లో చీరల పనిలో పడింది. పంతొమ్మిదో ఏట సార్వత్రిక విద్య ద్వారా పదో తరగతి, ఆ తర్వాత పన్నెండో తరగతి పూర్తి చేసింది. ఇప్పుడు బి.ఏ. చదవాలి. సూరత్‌లో వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం ఉంది, దాని కింద కళాశాలలున్నాయి. 2024 నుండి గుజరాత్‌లో ప్రభుత్వ విశ్వవిద్యాలయాల ప్రవేశాలన్నీ ‘జీకాస్’ అనే ఒకే కంప్యూటర్ వేదిక మీద జరుగుతున్నాయి. ఒక్క దరఖాస్తుతో ఎన్నో కళాశాలలకు ప్రయత్నించవచ్చు గనుక అది మంచిదే. కాని మనిషి ఎదురుగా కూర్చుంటే “అమ్మా, నీ పేరు ఇక్కడ ఒకలా, అక్కడ ఒకలా ఉందేమిటి?” అని అడుగుతాడు. మనం సమాధానం చెప్పగలుగుతాం. యంత్రం అలా అడగదు. గడి నిండకపోతే ముందుకు కదలదు. ఆ అమ్మాయికి మార్కులున్నాయి, చదవాలన్న కోరిక ఉంది. పుట్టుక పత్రంలో ఒక పేరు, పాత ఎల్.సి.లో ఇంకొక పేరు ఉన్నాయి. నివాస పత్రం ఇంకా రాలేదు. చివరి తేదీ దాటిపోతుంది. ఆమెను ఎవరూ వద్దనలేదు. అయినా ఆమె చేరలేదు.

రాష్ట్రం మారడంవల్ల వచ్చే చిక్కు ఇంతకన్నా లోతైనది. దీనికి మన తెలుగువారి కేసే ఒకటి మన న్యాయచరిత్రలో ప్రసిద్ధమైంది. మర్రి చంద్రశేఖరరావు తెనాలిలో పుట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో వారిది షెడ్యూల్డు తెగ. తండ్రి ప్రభుత్వరంగ సంస్థలో ఉద్యోగి. 1978లో ఆయన్ను బొంబాయికి పంపగా తొమ్మిదేళ్ల కొడుకూ వెంట వెళ్లాడు. అక్కడే పన్నెండో తరగతి వరకు చదివాడు. వైద్య కళాశాలలో షెడ్యూల్డు తెగల కోటా కింద సీటు అడిగితే మీ తెగ మహారాష్ట్ర జాబితాలో లెక్కకు రాదన్నారు. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1990లో కోర్టు కూడా ఆ మాటే చెప్పింది. రాజ్యాంగంలో కులాలను, తెగలను ఒక్కొక్క రాష్ట్రానికి సంబంధించి గుర్తించారు గనుక రాష్ట్రం దాటి వచ్చినవారికి ఆ హోదా వెంట రాదు అన్నది దాని సారాంశం. ఆ వాదనలో తర్కం లేకపోలేదు. ఒక రాష్ట్రంలో వెనుకబడినవారు మరో రాష్ట్రంలోనూ అంతే వెనుకబడి ఉంటారని చెప్పలేం. కాని తొమ్మిదేళ్ల పిల్లవాడు బొంబాయికి తనంతట తాను వెళ్లాడా?

సరే, గుజరాత్‌లో కుదరకపోతే సొంత రాష్ట్రానికే వచ్చి చదవవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. అక్కడ 1974 నాటి నియమం అడ్డు వస్తుంది. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద వచ్చిన ఉత్తర్వు ప్రకారం విద్యాసంస్థల్లో 85 శాతం సీట్లు స్థానిక అభ్యర్థులకు కేటాయించారు. స్థానికుడంటే ప్రధానంగా అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివినవాడు. సూరత్‌లో చదివిన పిల్లవాడు ఇంట్లో తెలుగు మాట్లాడినా, తాతల ఊరు సిరిసిల్ల అయినా, తెలంగాణలో స్థానికేతరుడే. 2024లో తెలంగాణ ప్రభుత్వం వైద్యవిద్య ప్రవేశాల నియమాన్ని మరింత బిగించి తొమ్మిది నుండి పన్నెండు వరకు రాష్ట్రంలోనే చదివి ఉండాలన్నది. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అందులో ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలకు, సైనికుల పిల్లలకు కొన్ని మినహాయింపులున్నాయి. తల్లిదండ్రులు ఉద్యోగరీత్యా బయటి రాష్ట్రంలో పనిచేస్తే ఆ పిల్లలకు నష్టం కలగకూడదన్నది అక్కడి ఆలోచన. చాలా న్యాయమైన ఆలోచన. మరి మగ్గం లేక ఊరు విడిచిన నేతపనివాడిది ఏ రకం ప్రయాణం? సర్కారు పంపితే బదిలీ, ఆకలి పంపితే వలస. పిల్లల దృష్టిలో రెండింటికీ తేడా లేదు.

ఇలా సూరత్ తెలుగు విద్యార్థి పని రెంటికీ చెడ్డ రేవడి చందమవుతుంది. ఉపకార వేతనాల విషయంలోనూ అంతే. షెడ్యూల్డు కులాల వారికి కేంద్ర పథకం కింద అందే పోస్ట్‌మెట్రిక్ ఉపకార వేతనాన్ని విద్యార్థి స్థిరనివాసమున్న రాష్ట్రం ఇవ్వాలి. స్థిరనివాసం ఎక్కడ అన్నదే తేలకపోతే ఆ విద్యార్థి ఏ కార్యాలయం మెట్లెక్కాలి?

ఇప్పుడు కొంచెం దూరంగా, అమెరికా వైపు చూద్దాం. అక్కడి సమస్య మనకన్నా తీవ్రమైనది. సరైన అనుమతి పత్రాలు లేకుండా ఆ దేశంలో పెరిగిన పిల్లలు లక్షల్లో ఉన్నారు. 1975లో టెక్సాస్ రాష్ట్రం అటువంటి పిల్లల చదువుకు ప్రభుత్వ సొమ్ము ఆపేస్తూ చట్టం చేసింది. టైలర్ అనే పట్టణంలో వారి నుండి ఏడాదికి 1000 డాలర్ల రుసుము అడిగారు. 1982లో అక్కడి సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లదని అయిదుగురు న్యాయమూర్తుల మాటతో, నలుగురి అసమ్మతితో తీర్పు చెప్పింది. తల్లిదండ్రుల పనికి పిల్లలకు శిక్ష వేయరాదన్నది దాని మూలసూత్రం. కాని ఆ తీర్పు కూడా బడికే పరిమితం, విశ్వవిద్యాలయానికి కాదు. మన విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి దగ్గర ఆగినట్టే అదీ పన్నెండో తరగతి దగ్గర ఆగింది.

ఆ తర్వాత ఏం జరిగిందన్నదే మనకు ముఖ్యం. 2001లో టెక్సాస్, కాలిఫోర్నియా రాష్ట్రాలు తమ బడుల్లో కొన్నేళ్లు చదివి ఉత్తీర్ణులైనవారు అనుమతి పత్రాలు లేకపోయినా స్థానికుల రుసుమే కట్టి కళాశాలలో చదవవచ్చని చట్టాలు చేశాయి. ఎక్కడ పుట్టావు అని కాక ఎక్కడ చదివావు అని అడిగారన్నమాట. టెక్సాస్ చట్టం 2025 జూన్‌లో ఒక న్యాయస్థానం ఉత్తర్వుతో ఆగిపోయింది. ప్రభుత్వాలు మారితే ఇటువంటి హక్కులు ఎంత సులభంగా జారిపోతాయో దీనివల్ల తెలుస్తుంది. కాలిఫోర్నియాలో బర్క్లీ విశ్వవిద్యాలయం 2012లో ఇటువంటి విద్యార్థుల కోసం ఒక ప్రత్యేక విభాగం తెరిచింది. చదువుకు సంబంధించిన సలహా, న్యాయ సహాయం, ఆర్థిక సహాయం, మనసు కుంగిపోయినవారికి ఊరట అన్నీ ఒకే చోట అందేలా ఏర్పాటు చేశారు. విద్యార్థి పది గుమ్మాలు తిరగకుండా ఒక్క గుమ్మం చాలునన్నది దాని పద్ధతి.

(అమెరికాలో తెలుగువారి పిల్లలకు మరో రకం చిక్కు ఉంది. తండ్రికో తల్లికో ఉద్యోగ వీసా ఉంటుంది, పిల్లలు దాని నీడలో చట్టబద్ధంగానే పెరుగుతారు. 21 ఏళ్లు నిండగానే ఆ నీడ తొలగిపోతుంది. శాశ్వత నివాస పత్రం కోసం భారతీయుల వరుస చాలా పొడవు గనుక అది అప్పటికి అందదు. కాగితాలున్నా కాలం చెల్లిపోవడమంటే ఇదే.)

అమెరికా విద్యార్థికీ మన సూరత్ విద్యార్థికీ పెద్ద తేడా ఉంది. అతనికి ఆ దేశంలో ఉండే హక్కే వివాదంలో ఉంది. మనవాళ్లు ఈ దేశ పౌరులు. దేశంలో ఎక్కడైనా నివసించే స్వేచ్ఛ రాజ్యాంగంలోని 19వ అధికరణం ఇచ్చింది. హక్కు సందేహంలో ఉన్నవారికే ఒక విశ్వవిద్యాలయం అంత చేయగలిగితే, హక్కు నిస్సందేహంగా ఉండి కేవలం కాగితం లేనివారికి మన విశ్వవిద్యాలయాలు ఎంత చేయవచ్చు?

దీనికి ఒక అభ్యంతరం ఉంది. దొంగ మార్కుల పత్రాలు అమ్మేవారు ప్రతి రాష్ట్రంలోనూ ఉన్నారు. కాగితాలు గట్టిగా చూడకపోతే అనర్హులు చేరిపోతారు, కష్టపడి చదివినవారికి అన్యాయం జరుగుతుంది. ఈ మాట నిజం. నేను కూడా పరీక్షలతో, ధ్రువపత్రాలతో సంబంధమున్న సంస్థలో పనిచేసేవాడినే కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోను. అయితే ఒక్కొక్క కాగితం ఎందుకు అడుగుతున్నామో విడదీసి చూడాలి. పన్నెండో తరగతి మార్కుల పత్రం ఆ విద్యార్థి చదవగలడా లేదా అన్నది చెబుతుంది. దాన్ని పూర్తిగా పరిశీలించాల్సిందే. నిజానికి ఆ పరిశీలన చేయగలిగేది విశ్వవిద్యాలయమే. బోర్డులో రికార్డు ఉంటుంది, ఇప్పుడు డిజిలాకర్‌లో కూడా చూడవచ్చు. పుట్టుక పత్రం, పాత ఎల్.సి. వంటివి మనిషి ఎవరన్నది మాత్రమే చెబుతాయి. దానికి వేరే దారులున్నాయి. నివాస, కుల పత్రాలు రాయితీకి, కోటాకు అవసరం. వాటికోసం చదువు ఆపనవసరం లేదు. రాయితీ తేలేవరకు రాయితీని ఆపవచ్చు. మన కార్యాలయాలు ఈ మూడింటినీ ఒకే తాటికి కట్టి, ఒక్కటి లేకపోయినా మొత్తం దరఖాస్తును పక్కన పెడుతున్నాయి. నా అసమ్మతి అక్కడే.

విశ్వవిద్యాలయం చేయవలసినది కొండంత పని కాదు. అర్హత పరీక్ష మార్కులు సరిగా ఉన్న విద్యార్థిని తాత్కాలికంగా చేర్చుకొని, మిగిలిన కాగితాలకు ఒక విద్యాసంవత్సరం గడువు ఇవ్వాలి. పేరులో తేడా ఉంటే అఫిడవిట్ తీసుకొని తరగతిలో కూర్చోనివ్వాలి. పాత బడి నుండి, వేరే రాష్ట్రం కార్యాలయం నుండి రావలసిన పత్రం కోసం విద్యార్థిని తిప్పకుండా విశ్వవిద్యాలయమే ఉత్తరం రాయాలి. రిజిస్ట్రారు సంతకంతో వెళ్లిన ఉత్తరానికి వచ్చే జవాబు, చీరలకు రాళ్లు అంటించే అమ్మాయి ఒంటరిగా వెళ్లి అడిగితే రాదు. ఈ సంగతి అందరికీ తెలుసు. సూరత్ వంటి చోట ప్రవేశాల నెలల్లో తెలుగు, ఒడియా, మరాఠీ మాట్లాడేవారు ఒక్కొక్కరిని కూర్చోబెడితే చాలు, సగం చిక్కులు అక్కడికక్కడే విడిపోతాయి. పురపాలక బడులు ఆ భాషలన్నిటిలో పాఠాలు చెప్పగలిగినప్పుడు విశ్వవిద్యాలయం ఒక్క బల్ల వేయలేదా?

ఇది ఎవరూ చేయనిది కాదు. 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు (ఇప్పుడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో ఉన్నది) ఇంటర్మీడియట్ లేనివారు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు కల్పించింది. నువ్వు ఏ బడి నుండి వచ్చావు అని కాక, నీకు చదవడం వచ్చా అని అడిగింది. ఆనాడు అది పెద్ద సాహసమే. మీరు చదువుతున్న ఈ సార్వత్రిక విద్యాలయం కూడా 1989లో అదే ఆలోచనతో పుట్టింది. ఎనిమిది పాసైన పత్రం లేకపోతే, ఈ కోర్సు చదవగల శక్తి నాకుందని మీరే రాసి ఇస్తే మాధ్యమిక స్థాయిలో చేర్చుకోవడం అందుకే. మనిషి మాటను నమ్మడం దగ్గర మొదలుపెట్టి, పరీక్షతో తేల్చుకోవడం దాని పద్ధతి.

ఇక ముందు పరిస్థితి తేలికవుతుందా? 2023లో జనన మరణాల నమోదు చట్టాన్ని సవరించారు. ఆ సంవత్సరం అక్టోబరు 1న గాని, ఆ తర్వాత గాని పుట్టినవారికి బడి ప్రవేశం మొదలు ఎన్నో పనులకు పుట్టుక పత్రం ఒక్కటే ఆధారం. పది కాగితాల బదులు ఒకటి. బాగానే ఉంది. కాని ఆ ఒక్కటీ లేనివాడికి పది తలుపులూ ఒకేసారి మూతపడతాయి. పుట్టింట్లో కాన్పు జరిగి, నమోదు మరచి, బిడ్డతో సూరత్‌కు వచ్చే తల్లి ఇప్పుడూ ఉంది. మీ ఇంట్లో పసిబిడ్డ ఉంటే ఈ వ్యాసం పక్కన పెట్టి ముందు ఆ పత్రం సంగతి చూడండి.

విశ్వవిద్యాలయాలు మారేలోపు మీరు చేయగలిగినది కొంత ఉంది. మీ పదో తరగతి ధ్రువపత్రంలోని పేరు, పుట్టిన తేదీ జీవితాంతం మీ వెంట వస్తాయి. కాబట్టి పరీక్ష రుసుము కట్టేముందే వాటిని ఆధార్‌తో పోల్చి చూసుకోండి. తేడా ఉంటే అప్పుడే సరిదిద్దించుకోండి, ఫలితాలు వచ్చాక అది పదింతల పని. ఇంటిపేరు ముందా వెనుకా అన్నది ఒక్కసారి నిర్ణయించుకొని ప్రతి దరఖాస్తులోనూ అలాగే రాయండి. పన్నెండు పూర్తయ్యాక మార్కుల పత్రంతోపాటు మన సంస్థ ఇచ్చే మైగ్రేషన్, బదిలీ పత్రం కూడా అడిగి తీసుకోండి. వేరే బోర్డు నుండి వచ్చినవారిని కళాశాలలు మొదట అడిగేది దాన్నే. అసలు ధ్రువపత్రాలు ఎవరి దగ్గరా వదిలి రాకండి. వాటిని చూసి వెంటనే తిరిగి ఇవ్వాలనీ, కళాశాల తన దగ్గర ఉంచుకోరాదనీ విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2016లోనూ, 2018లోనూ స్పష్టంగా చెప్పింది. ఫీజు బాకీ ఉందని ఎవరైనా అట్టిపెట్టుకుంటామంటే ఆ మాట గుర్తుచేయండి. నకలు ఇవ్వండి, అసలు చూపించి వెనక్కి తీసుకోండి, ఇచ్చిన ప్రతి కాగితానికి రసీదు అడగండి.